రెండు చేతులూ కుడివే కత్తిరించాను. ఇది మతిమరుపా, బ్రెయిన్ ఫాగా?

కావలి_కుట్టుమిషను
18 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నా. ఇంటి ముందు గదిలోనే మిషను. పోయిన శుక్రవారం ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు కత్తిరించి చేతులు రెండూ బల్ల మీద పరిస్తే, రెండూ కుడిచేతివే. కుట్టేవాళ్ళకు తెలుస్తుంది. చేతికి ముందు వైపు చంక దగ్గర లోతు కొంచెం ఎక్కువ తీస్తాం, వెనక వైపు తక్కువ. గుడ్డని మంచి వైపు లోపలికి మడిచి కోస్తే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. నేను మడత వెయ్యకుండా ఒక్కోటి విడిగా కోసేశా. మడత లేదన్న సంగతి కోసేటప్పుడు తెలియనే లేదు. అది చీరతో వచ్చిన గుడ్డ, బజార్లో దొరికేది కాదు.

ఇదొక్కటే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మూడు నెలలుగా ఇట్టాగే ఉంది. నోటితో 34 అంటూ పుస్తకంలో 36 రాస్తున్నా. ఎదుటి మనిషి మాటలు చెవిన పడతాయి, అర్థం మాత్రం కాసేపాగి వస్తుంది. మొన్న 'బాబిన్' అనే మాట గుర్తురాక, 'ఆ కింద పెట్టేది, దారం చుట్టేది ఇయ్యి' అన్నా మా పిల్లతో. మధ్యాహ్నం అయ్యేసరికి తలలో తడి దూది కుక్కినట్టు ఉంటుంది. దీన్నే బ్రెయిన్ ఫాగ్, అంటే బుర్రకి మబ్బు పట్టడం అంటారంట. మా ఆయన ఫోను ఎక్కువైంది అంటాడు. మా అత్త దిష్టి తీసింది. నాకు 41. మా అమ్మకి చివరి రోజుల్లో మతి పోయింది, మమ్మల్నే గుర్తుపట్టేది కాదు. నాకూ అదే మొదలైందేమోనని రాత్రిళ్ళు భయం. ఎవరికైనా ఇట్టా అయిందా?

ఒంగోలు_బుల్లెట్
ఫోను పక్కన పెట్టక్కా, వారంలో సర్దుకుంటది. అందరిదీ ఇదే కథ.

మైపాడు_గుంటలు
అంత తేలిగ్గా తీసెయ్యబాక తమ్ముడూ.

మాది మైపాడు దగ్గర 6 ఎకరాల రొయ్యల సాగు. పట్టుబడికి ముందు, అంటే రొయ్యలు పట్టేముందు, నెల పైనే రాత్రి రెండింటికి లేచి గట్ల మీద తిరగాలి. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతది, నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు ఒక్కటి ఆగినా రొయ్య పైకి తేలుతుంది. అట్టా 40 రోజులు నిద్ర రెండు ముక్కలు, కలిపితే నాలుగ్గంటలు. ఒకరోజు, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే లాగి చూశా. మేత మిగిలిపోయి ఉంది. మిగిలితే తర్వాతి మేత తగ్గించాలి, గట్టు మీద ఆడుకునే పిలకాయలకి కూడా తెలుసు. నేను చూశా, ట్రే మళ్ళీ నీళ్ళలోకి దించా, పోయి బస్తా విప్పించి మామూలుగానే చల్లించా. 'ట్రే చూసి ఏం లాభంరా' అని మా నాయన అరిచిందాకా తెలీలా. కళ్ళు చూశాయి, బుర్ర అందుకోలా.

అక్కా, నువ్వు మడత సంగతి చెప్పావే, అచ్చం అదే. మరిచిపోవడం కాదిది. పట్టుబడి అయ్యాక పది రోజులు కడుపునిండా నిద్రపోయా, మామూలు మనిషినయ్యా. ముందు నీ నిద్ర ఎట్టా ఉందో చెప్పు.

కావలి_కుట్టుమిషను
పెళ్ళిళ్ళప్పుడు పన్నెండు దాటుతుంది అన్నా. మామూలు రోజుల్లో పదకొండుకి పడుకుని ఆరుకి లేస్తా. చిత్రమేందంటే ఏడు గంటలు పడుకున్నా నిద్రపోనట్టే లేస్తున్నా.

మొలగొలుకులు
బ్రెయిన్ ఫాగు అనేది పట్నం మాట. మా జేజి పదిమంది పిలకాయల్ని సాకింది, నాట్లేసింది, ఇట్టాంటివేమీ లేవు. పని ఎక్కువైతే బుర్ర దిమ్ముగా ఉంటది, రెండు రోజులు పడుకుంటే పోతది. దానికో పేరు పెట్టి భయపడటం దేనికి?

పొదిలి_పుస్తకం
రెండు రోజులు పడుకుంటే పోయేదైతే నేను గ్రూప్-2 ప్రిపరేషన్ ఏడాది ఆపేదాన్ని కాదు. 2021 మేలో కోవిడ్ వచ్చింది, ఇంట్లోనే తగ్గింది, ఆస్పత్రి దాకా కూడా పోలేదు. తర్వాతే మొదలైంది. ఒకే పేరా మూడుసార్లు చదవడం, చివరికొచ్చేసరికి మొదలు మాయం. హోటల్లో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే లేచి బయటికి వచ్చేసేదాన్ని. ఇంట్లో అందరూ బద్ధకం అన్నారు. ఆ మాట జబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది. కోవిడ్ తగ్గాక కూడా ఇట్టాంటివి నెలల తరబడి ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులోనే నిర్వచనం ఇచ్చింది. మూడు నెలలకి కూడా తగ్గని లక్షణాల్లో అలసట, ఆయాసం, ఈ బుర్ర మందగింపూ ముఖ్యమైనవి. అది చదివిన రోజు ఏడ్చేశా, నాది నటన కాదని.

మొలగొలుకులు
నటన అనలేదమ్మా. నీ సంగతి నాకు తెలీదు.

పొగతోట_సిస్టర్
మాట కొత్తది, బాధ పాతదే. మీ జేజి కూడా 'తల దిమ్ముగా ఉంది, పని మీద మనసు నిలవట్లా' అని ఎప్పుడో అనే ఉంటుంది. వినేవాళ్ళు లేక మళ్ళీ పొలానికి పోయుంటుంది.

నెల్లూరులో స్టాఫ్ నర్సుగా 22 ఏళ్ళు చేశాను. డాక్టర్ని కాదు, కాబట్టి నేను చెప్పింది చికిత్స అనుకోబాకండి. బ్రెయిన్ ఫాగ్ అనేది ఒక జబ్బు పేరు కాదు. జ్వరం లాంటిది. జ్వరం దేనివల్ల వచ్చిందో వెతుకుతాం కదా, ఇదీ అంతే. నిద్ర చాలకపోవడం, థైరాయిడ్ తగ్గడం, రక్తం తక్కువ, బి12 తక్కువ, షుగరు పడిపోవడం, నెలసరి ఆగిపోయే వయసు, మానసికంగా కుంగిపోవడం, కీమోథెరపీ, వాడే మందులు, ఏదైనా కావచ్చు. ఒక్కోసారి రెండు మూడు కలిసి ఉంటాయి.

కుట్టుమిషను గారూ, మీరు రాసింది టేపు, తాళం ఎక్కడ పెట్టామో మరిచిపోవడం లాంటిది కాదు. 18 ఏళ్ళు చెయ్యి తనంతట తాను చేసిన పని తప్పింది. మాట నాలుక దాకా వచ్చి ఆగుతోంది. వింటున్నది ఆలస్యంగా అందుతోంది. అదీ మూడు నెలలుగా. ఇది చూపించుకోవాల్సిందే. ఇంకో నాలుగు అడుగుతా, ఇక్కడ ఇబ్బంది అయితే విడిగా రాయండి. జుట్టు ఊడుతోందా? మలబద్ధకం ఉందా? ఇంట్లో అందరికీ ఉక్కగా ఉన్నప్పుడు మీకు చలేస్తోందా? నెలసరి ఎక్కువ అవుతోందా?

కావలి_కుట్టుమిషను
ఇబ్బందేముంది సిస్టర్, అన్నీ ఉన్నాయి. ఫ్యాను రెండులో పెట్టినా దుప్పటి కప్పుకుంటున్నా. దువ్వెన నిండా జుట్టే. నెలసరి ఏడాదిగా మరీ ఎక్కువ. వీటికీ జాకెట్టు చేతులకీ సంబంధం ఉంటుందని అనుకోలేదు.

పొగతోట_సిస్టర్
ఉండొచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది), హిమోగ్లోబిన్, బి12, షుగరు, ఈ నాలుగూ డాక్టర్ని అడిగి చేయించండి. పెద్ద ఖర్చుండదు.

ఇక మీ అమ్మగారి సంగతి. డిమెన్షియాలో సాధారణంగా తేడాని ముందు పసిగట్టేది ఇంట్లోవాళ్ళు, ఆ మనిషి 'నాకేం కాలేదు' అంటుంది. మీరు మీ తప్పుని మీరే బల్ల మీద పరిచి చూసి, ఎట్టా జరిగిందో మడతతో సహా చెప్పగలిగారు. దీన్నిబట్టి తేల్చెయ్యలేం గానీ ఆ భయంతో రాత్రి నిద్ర మాత్రం పోగొట్టుకోబాకండి.

కందుకూరు_లెక్కలమాస్టారు
సిస్టర్ గారు బి12 అన్నారు కాబట్టి నా అనుభవం రాస్తాను.

రిటైరై ఆరేళ్ళయింది. మేము శాకాహారులం. 12 ఏళ్ళుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఇంట్లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం వర్గ సమీకరణం చేస్తూ రెండో మెట్టు రాసి ఆగిపోయాను. బోర్డు వైపు చూస్తున్నాను, తర్వాత ఏం రాయాలో తెలియదు. సూత్రం గుర్తుంది, ఎక్కడ వాడాలో అందడం లేదు. వెనక వరసలో పిల్లాడు 'సార్, బి స్క్వేర్' అని మెల్లగా అందించాడు. 34 ఏళ్ళు చెప్పిన లెక్క అది. అప్పటికే కొన్ని నెలలుగా అరికాళ్ళు తిమ్మిరిగా ఉండేవి, షుగరే కారణం అనుకున్నాను. పరీక్ష చేయిస్తే బి12 140 ఉంది. మామూలుగా 200 కంటే తగ్గితే లోపం అంటారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుందని అప్పుడు తెలిసింది. మాత్ర ఆపలేదు, ఎవరూ సొంతంగా ఆపవద్దు. ఇంజెక్షన్లు వేశారు. మూడు నెలలకు బోర్డు మీద చెయ్యి ఆగడం మానేసింది. కాళ్ళ తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. ముందే చూపించుకుని ఉంటే పోయేదేమో.

ఇంకొకటి. అన్ని పొరపాట్లనూ దీని ఖాతాలో వేయకండి. 2022లో మా కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపాక కూడా ఏడాది పాటు అర్జీల మీద ప్రకాశం జిల్లా అనే రాసేవాణ్ణి. అది చేతి అలవాటు, జబ్బు కాదు. 'అయ్యో' అనుకుని కొట్టేసి రాసేవాణ్ణి. బోర్డు ముందు అలా కాదు, కొట్టేయడానికి కూడా ఏమీ తోచలేదు.

సూళ్ళూరుపేట_లోకల్
వారానికి మూడుసార్లు చేపల పులుసు తినే నెల్లూరోళ్ళకి బి12 తక్కువ వచ్చే ప్రసక్తే లేదు మాస్టారూ. మీరు కూడా మొదలుపెట్టండి 🙂

కందుకూరు_లెక్కలమాస్టారు
పులుసులో మామిడికాయ ముక్కలు మాకిచ్చి చేపలు మీరు తినండి నాయనా.

పొగతోట_సిస్టర్
చేపలు తినేవాళ్ళకీ రావచ్చు లోకల్ గారూ. గ్యాస్ మాత్ర పరగడుపున ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళు మన దగ్గర ఎంతమంది! కడుపులో ఆమ్లం తగ్గితే తిన్న చేపలోంచి బి12 విడిపడటం తగ్గుతుంది. మా వార్డుకి వచ్చినవాళ్ళలో చేపలు అమ్ముకునే ఆమే ఉంది.

ఆరోగ్యసిరి_మూలికలు
అక్కా, మా దగ్గర బ్రాహ్మి, అశ్వగంధ కలిపిన చూర్ణం ఉంది. 21 రోజుల్లో మెదడు పాదరసంలా పనిచేస్తుంది. థైరాయిడ్, షుగర్ మందులన్నీ ఆపెయ్యొచ్చు.

పొదిలి_పుస్తకం
మందులు ఆపమని మాత్రం రాయకండి. కోవిడ్ తర్వాత ఇట్టాంటి డబ్బాలు మూడు కొన్నాను, డబ్బులు పోయాయి, బుర్ర అట్టాగే ఉంది. నాకు పనికొచ్చింది ఒకటే. ఓపిక అయిపోకముందే ఆగిపోవడం. 25 నిమిషాలు చదివి, కళ్ళు మూసుకుని 10 నిమిషాలు. ఓపిక ఉంది కదా అని ఒకరోజు ఆరు గంటలు కూచుంటే తర్వాత మూడు రోజులు మంచం. ఇప్పటికీ పూర్తిగా మునుపట్లా లేదు, కానీ పేరా ఒక్కసారే చదువుతున్నా.

మైపాడు_గుంటలు
చూర్ణం సామీ, మందులు ఆపితే ఏమైనా అయితే నువ్వు వచ్చి చూస్తావా? గమ్మునుండు.

చీమకుర్తి_కోడలు
ఇది బ్రెయిన్ ఫాగ్ అవునో కాదో తెలీదు, కానీ రాయకుండా ఉండలేకపోతున్నా. మా మామయ్యకి 70. బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్ర కూడా వాడతారు. పోయిన రోహిణి కార్తెలో నాలుగు రోజులు విరేచనాలు. ఐదో రోజు పొద్దున నన్ను మా అత్త పేరుతో పిలిచారు. మధ్యాహ్నానికి బాత్రూం అనుకుని బీరువా తలుపు తీస్తున్నారు. 'పెద్దాయన కదా, మతిమరుపు మొదలైంది' అని చుట్టుపక్కలవాళ్ళు తేల్చేశారు. నాకు మనసొప్పలేదు. ముందురోజు దాకా ఇంటి లెక్కలన్నీ ఆయనే చూసిన మనిషి. రాత్రికి ఒంగోలు తీసుకెళ్తే సోడియం బాగా పడిపోయిందన్నారు. ఐసీయూలో రెండు రోజులు మెల్లమెల్లగా ఎక్కించారు. మూడో రోజు నన్ను నా పేరుతో పిలిచి, పాలవాడికి డబ్బులిచ్చావా అని అడిగారు.

పొగతోట_సిస్టర్
ఈ పోస్టు అందరూ రెండుసార్లు చదవండి. బ్రెయిన్ ఫాగ్ నెమ్మదిగా, వారాల మీద కమ్ముకుంటుంది. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి తికమక పడితే అది వేరే సంగతి, ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. మూతి ఒక పక్కకి పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చెయ్యడమే. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెయ్యాలంటే నాలుగున్నర గంటల్లోపే. ఒకవైపు లాగుతున్న మనిషికి నిమ్మరసం పట్టించి, తెల్లారనిద్దాం అని కూచున్న ఇళ్ళు ఎన్నో చూశాను. షుగరు మందు వేసుకునేవాళ్ళు చెమటలు పట్టి తిక్కతిక్కగా మాట్లాడితే ముందు షుగరు చూడండి. 70 కంటే తక్కువుండి, మింగగలిగితే చక్కెర నీళ్ళు ఇవ్వండి.

టంగుటూరు_బ్యారన్
నా కేసు ఎవరూ చెప్పలా. పొగాకు రైతుని. బ్యారన్ (పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) కాల్చే రోజుల్లో రాత్రంతా మంట చూసుకోవాలి, అప్పుడు మబ్బుగా ఉండటం మామూలే. కానీ కాల్పు అయిపోయి రెండు నెలలైనా అట్టాగే ఉండా. వేలం కేంద్రంలో నా బేళ్ళ దగ్గర నిలబడే ఉన్నా, ధర చెప్పారు, నేను వినలా. పక్క రైతు భుజం తడితే తెలిసింది. రాత్రి తొమ్మిదింటికే పడుకుంటా, అయినా పొద్దున తలనొప్పి. చివరికి మా ఇంటామె చెప్పింది, 'నువ్వు గురక పెడతా పెడతా మధ్యలో ఊపిరి ఆపేస్తున్నావు, నేను లేపుతున్నా' అని. నిద్ర పరీక్ష చేస్తే స్లీప్ ఆప్నియా. మూతికి గాలి పెట్టే మిషను ఇచ్చారు. మొదటి వారం తీసి పారేద్దామనుకున్నా. ఇప్పుడది లేకుండా పడుకోను. అక్కా, నువ్వు ఏడు గంటలు పడుకున్నా నిద్ర చాలట్లేదన్నావు కదా, గురక ఉందేమో మీ ఆయన్ని అడుగు.

కావలి_కుట్టుమిషను
అడిగా అన్నా. నాకు లేదంట. ఆయనకే ఉంది.

సూళ్ళూరుపేట_లోకల్
అయితే నిద్ర చెడుతున్నది అక్కది, గురక బావది. కారణం దొరికినట్టే ఉంది కదా సిస్టర్?

పొగతోట_సిస్టర్
నవ్వొచ్చినా నిజమే, అదీ చూడాల్సిందే. ముందు రక్తపరీక్ష.

కావలి_కుట్టుమిషను
11 రోజుల తర్వాత వస్తున్నా. మొదట ఒక చోటికి పోయా. పూర్తిగా వినకుండానే 'టెన్షన్ తగ్గించుకోండమ్మా' అని నిద్రమాత్ర రాశారు. అది వేసుకున్న మూడు రోజులూ పదింటి దాకా మత్తు, మిషను మీద సూది వేలికి దిగబోయింది. ఆపేసి, నాలుగు పరీక్షలూ కాగితం మీద రాసుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోయా. ఆమె కూచోబెట్టి అన్నీ అడిగింది. టీఎస్‌హెచ్ 14.2, ఎక్కువ. హిమోగ్లోబిన్ 9.1, తక్కువ. బి12, షుగరు బాగానే ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర ఇచ్చారు. నెలసరికి స్కానింగ్ రాశారు.

రిపోర్టు చూపిస్తే మా అత్త ఏమీ అనలా. మర్నాటి నుంచి పొద్దున కాఫీ ఆమే కలిపి నా మిషను దగ్గర పెడుతోంది. రెండు మాత్రలూ ఆ కాఫీతోనే వేసుకుంటున్నా.

పొగతోట_సిస్టర్
అమ్మా, అట్టా కాదు! థైరాయిడ్ మాత్ర పరగడుపున ఉత్త నీళ్ళతో. కాఫీ, టిఫిను కనీసం అరగంట, వీలైతే గంట తర్వాత. ఐరన్ గానీ కాల్షియం గానీ దానికి నాలుగు గంటల ఎడంలో. కలిపి వేసుకుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు, డాక్టరమ్మేమో మోతాదు చాలలేదనుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ టీఎస్‌హెచ్ చూస్తారు. అప్పటిదాకా మార్పు రాలేదని మానెయ్యబాకండి. ఇంకో సంగతి, నిద్రమాత్రలూ, జలుబుకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మత్తు మాత్రలూ బుర్రని ఇంకా మందగింపజేస్తాయి. ఎక్కువ రోజులు వాడుతున్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించాలి.

మొలగొలుకులు
ఈ రెండు వారాలూ అన్నీ చదివా. మా ఇంట్లో ఆమె ఏడాదిగా కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది, లేదంటే అసలు వెయ్యట్లా. నేను కసురుకుంటున్నా. ఆమెకి 49. నెలసరి ఆగిపోయే వయసు అని పైన సిస్టర్ రాశారు, అది కూడా కారణమేనా?

పొగతోట_సిస్టర్
అవును. ఆ వయసులో ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, తెగిన నిద్ర, వాటితో పాటు ఇదీ ఉంటుంది. చాలామందికి కొన్నాళ్ళకి తేలికపడుతుంది. అయినా థైరాయిడ్, రక్తం చూపించండి. కసురుకోవడం మాత్రం ఈరోజే ఆపండి, భయపడితే ఇంకా తప్పులొస్తాయి.

మొలగొలుకులు
సరే.

కావలి_కుట్టుమిషను
ఏడు వారాలు. టీఎస్‌హెచ్ 5.8కి దిగింది, మోతాదు కొంచెం పెంచారు. హిమోగ్లోబిన్ 10.6. చలి తగ్గింది. మధ్యాహ్నం దూది ఇంకా ఉంది, రోజూ కాదు. కొలతలు రాసి, గిరాకీ ఎదురుగానే పైకి చదువుతున్నా. ఎవరూ తప్పు పట్టలా, ఇంకా నమ్మకంగా ఉంది అంటున్నారు. కత్తెర పెట్టేముందు మడత అంచుని వేలితో తడిమి చూసుకుంటున్నా. కోశాక చేతుల మీద సుద్దతో 'కు', 'ఎ' అని రాస్తున్నా, నేర్చుకునే రోజుల్లో రాసినట్టు.

అందరూ అడుగుతున్నారు కాబట్టి, ఆ పెళ్ళికూతురి జాకెట్టు సంగతి. వాళ్ళమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పేశా. ఒక చెయ్యి విప్పి చంక దగ్గర అంచు గుడ్డతో అతుకు వేశా, చెయ్యి దించితే కనపడదు. కూలి తీసుకోలేదు. ఆమె అతుకుని చేత్తో తడిమి, 'నాకూ ఈమధ్య ఇట్టాగే ఉంటోందమ్మా, ఏం పరీక్ష చేయించావు' అని అడిగింది. కాగితం మీద రాసిచ్చా.

మైపాడు_గుంటలు
మా ఇంట్లోవాళ్ళవి రెండు జాకెట్లు పంపిస్తున్నా అక్కా. తొందరేం లేదు, నిద్రపోయి కుట్టు.

ఒంగోలు_బుల్లెట్
ఫోను అన్నందుకు ఏమనుకోబాక అక్కా. మా అమ్మ కూడా చీకట్లో తడుముకున్నట్టు మాటల కోసం వెతుక్కుంటోంది, నేనే పట్టించుకోలా. రేపు తీసుకెళ్తున్నా. సిస్టర్, ఏమీ తినకుండా పోవాలా?

పొగతోట_సిస్టర్
టీఎస్‌హెచ్‌కి, హిమోగ్లోబిన్‌కి అక్కర్లేదు. షుగరు కూడా చూస్తారు కాబట్టి పరగడుపునే తీసుకెళ్ళి, రక్తం ఇవ్వగానే ఇడ్లీ పెట్టించు. ఆమె వాడే మాత్రల అట్టలన్నీ, గ్యాస్‌ది, జలుబుది కూడా, సంచిలో వేసుకుపో. ఎప్పటి నుంచి ఉందో డాక్టరు అడిగితే ఆమెనే చెప్పనీ, మధ్యలో నువ్వు అందుకోబాక.

ఒంగోలు_బుల్లెట్
సరే సిస్టర్. అట్టలన్నీ ఇప్పుడే ఏరుతున్నా.